వరుసలో ఇచ్చిన పిప్పరమెంటు

లోగన్స్ ఫెర్రీ, జార్జియా
నవంబరు 20, ఆదివారం మధ్యాహ్నం

నా చెల్లెలు వెర్డెల్‌కి,

నీ అక్క ఒజెల్లా ప్రేమతో రాసేది. ఈ ఉత్తరం అందేసరికి దేవుడి దయవల్ల నీ మోకాళ్ళ నొప్పి తగ్గి, నువ్వు నీ ఇంట్లో నీ కుర్చీలో హాయిగా కూర్చుని ఉన్నావని నమ్ముతున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాద్దామనే కలం పట్టాను గానీ, ఈమధ్య నాకు పట్టిన గతి చూస్తుంటే ఆ మాట కాగితం మీద పెట్టడానికి చెయ్యి రావడం లేదు. బతికి ఉన్నాను. అంతవరకు నిజం.

మొన్న ఫోను పెట్టేశానని కోపం పెట్టుకోకు. నేను చెప్పేది నీకు వినపడదు, నువ్వు అరిచేది మా వీధి చివరిదాకా వినపడుతుంది. "ఒక్క బిళ్ళ కోసం ఓటు పోగొట్టుకున్నావా అక్కా? నేను చెప్పలేదా? ఆ ఊళ్ళో మన నల్లవాళ్ళకి చోటే లేదు, ఇక ఓటెక్కడిదీ?" అని నువ్వు అరుస్తుంటే పక్కింటివాళ్ళు కిటికీ తీసి చూశారు. చెవి మెషీను పెట్టుకోమని నీ కూతురు ఎన్నిసార్లు చెప్పినా వినవు. సరే, ఉత్తరమైతే నా మాటకి అడ్డురాలేవు. తాపీగా చదువు. నా రాత కోడి గీకినట్టు ఉంటుందని నీకు తెలుసు. పత్తి తీతల కోసం బడి మానేసి, ఆరో తరగతి దాటనిదాన్ని. అర్థం కాకపోతే నీ కూతురిని చదివి పెట్టమను. చివరి కాగితం మాత్రం ఇవ్వకు, అది నువ్వే చదువుకో.

డెట్రాయిట్‌లో అప్పుడే మంచు పడుతోందని టీవీలో చూపించారు. నీ ఇంట్లో వేడి పుట్టించే మెషీను చూపించుకున్నావా? దాని పొగ బయటికి పోక ఎవరో ముసలి దంపతులు నిద్రలోనే పోయారట. ఆ వార్త విన్నప్పటినుంచి నాకు నువ్వే కళ్ళలో మెదులుతున్నావు. మెట్ల మీద ఉప్పు చల్లించుకో. బయటికి వెళ్ళకు.

ఇక జరిగింది మొదటినుంచీ చెబుతాను. నీ కూతురు ఫోనులో చూపించిన ఫొటోలో ఉన్నది నేనే. కింద రాసింది చూసి నువ్వు సగం తెలుసుకున్నావు.

మన బెతానీ చర్చి హాల్లోనే మేము ఏళ్ళ తరబడి ఓటు వేశాం. నువ్వు వెళ్ళిపోయాక వచ్చిన సౌకర్యం అది. పెళ్ళి విందులు, చావు భోజనాలు, ఓట్లు, అన్నీ ఆ హాల్లోనే. నేను నడిచి వెళ్ళి వచ్చేదాన్ని. వరుసలో నిలబడ్డవాళ్ళకి కుర్చీలు వేసేవాళ్ళం, చల్లటి టీ ఇచ్చేవాళ్ళం. ఇతను మనవాళ్ళకి వేస్తాడా, అవతలివాళ్ళకి వేస్తాడా అని ఎవరి మొహమూ చూడలేదు. ఆ హాల్లో ఓటు వద్దని కౌంటీవాళ్ళు తీసేశారు. ఎందుకయ్యా అంటే చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు లేదన్నారు. మా మగవాళ్ళు నడి వేసవిలో సిమెంటు కలిపి వాలు కట్టారు. వచ్చి చూసి, బాగానే ఉంది గానీ కార్లు పెట్టుకోవడానికి చోటు చాలదన్నారు. పక్క స్థలంలో తుప్పలు కొట్టి చదును చేశాం. అప్పుడేమన్నారో తెలుసా? ఇప్పటికే మార్చేశాం, మళ్ళీ మారిస్తే జనం తికమకపడతారు అన్నారు. ఆ జనం మేమే కదా వెర్డెల్! మాకు లేని తికమక వాళ్ళకెందుకు? గోడకి చెప్పుకుంటే గోడైనా చెమ్మగిల్లేది.

ఇప్పుడు ఓటు వేయాలంటే హైవే దాటి, పెద్ద ఊళ్ళోకి, షెరీఫు ఆఫీసు పక్కనున్న పొడుగాటి బిల్డింగుకి వెళ్ళాలి. ఏ బిల్డింగో నీకు చెప్పక్కర్లేదు. రంగు మార్చారు, పైకప్పు కొత్తది వేశారు. అది జైలుగా ఉన్న రోజుల్లో క్లెల్ అన్నయ్యని పెట్టింది అక్కడే. అమ్మ ఓటరుగా పేరు రాయించుకుందని పత్తి పొలం దొర మన సామానంతా రోడ్డు మీద పడేయించాడు, ఇదేం పనండీ అని అడగబోయిన అన్నయ్యని అక్కడికి పట్టుకుపోయారు. తిరిగొచ్చాక మనిషి బతికినన్నాళ్ళూ ఒక దవడతోనే నమిలాడు. నిన్ను అప్పుడే పిన్నితో డెట్రాయిట్ బస్సు ఎక్కించేశారు. అందుకే ఓటు మాట ఎత్తితే నీకు ఒళ్ళు మండుతుంది. నాకు మండదనుకోకు.

ఈసారి మాకు ఆశ ఎందుకు కలిగిందంటే, మన లూరీన్ స్టోవాల్ కౌంటీ కమిషనరుగా నిలబడింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన పిల్ల. పిల్ల అంటే అరవై దాటింది, మన కళ్ళకి పిల్లే. గెలిస్తే మొదటి మీటింగులోనే ఓటుని మళ్ళీ మన హాలుకి తెప్పిస్తానంది. లూరీన్ గెలిస్తే హాలు వస్తుంది, ఓడితే హాలు పోయినట్టే. నాలాంటివాళ్ళకి అంతే సంగతి. కారు లేదు, కొడుకు లేడు, బస్సు ఎక్కించేవాళ్ళు లేకపోతే ఓటూ లేదు.

ఇదివరకు ఎన్నికల మంగళవారానికి ముందే ఒక ఆదివారం కూడా ఓటు వేయనిచ్చేవాళ్ళు. ప్రార్థన కాగానే అందరం చర్చి బస్సెక్కి పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఈ ఏడు మా కౌంటీ ఆ ఆదివారం కూడా తీసేసింది. పాస్టరు థర్మన్ గారు ప్రసంగంలో, "వాళ్ళు మన ఆదివారాన్ని తీసేస్తే మనం మంగళవారాన్నే ఆదివారం చేసుకుందాం. అందరూ చర్చి బట్టలతో రండి" అన్నారు. చర్చి పెద్దమ్మలం, మదర్లం మేము, తెల్ల గౌను, తెల్ల టోపీ, తెల్ల మేజోళ్ళు. నేను ముందురోజే ఇస్త్రీ చేసి, మళ్ళీ నలిగిందేమోనని మళ్ళీ చేశాను. ఇస్త్రీ పెట్టె ఆపానో లేదోనని బస్సెక్కాక కూడా బెంగే.

బస్సులో యూలా మే నా పక్కన కూర్చుంది. ఎనభై దాటినా దాని నోరు ఏమీ తగ్గలేదు. "ఏమే ఒజెల్లా, ఆ టోపీ ఏంటే, కేకు మీద మీగడ గడ్డలా ఉంది" అంది. నీకు కుళ్ళు అన్నాను. "కుళ్ళు కాదే, ఆకలి" అంది. బస్సంతా నవ్వు.

కొత్త చట్టం వచ్చాక వరుసలో ఉన్నవాళ్ళకి ఎవరూ తిండిగానీ నీళ్ళుగానీ ఇవ్వకూడదు. పాస్టరు గారు దిగేముందే హెచ్చరించారు. "అమ్మలూ, మీ సంచుల్లో ఏముందో దేవుడికీ తెలుసు, నాకూ తెలుసు. చికెను, రొట్టెలు, తీపి పైలు అన్నీ సీట్ల మీదే వదిలేసి దిగండి." వదిలేశాం. నేను వేయించిన చికెను వాసనకి బస్సు దిగడానికే ఎవరికీ కాళ్ళు రాలేదు. కానీ పిప్పరమెంటు తిండి అని ఎవరికి తోస్తుంది చెప్పు? అది మదర్ల చేతిసంచిలో ఎప్పుడూ ఉండేదే, రుమాలులాగా. ప్రార్థనలో ఎవరు దగ్గినా, ఏ పసిది పేచీ పెట్టినా, ఎవరి గొంతు పూడుకుపోయినా మా చెయ్యి సంచిలోకి పోతుంది. చూసి పోదు. కళ్ళు పాస్టరు గారి మీదే ఉంటాయి, చెయ్యి తన పని తాను చేసుకుంటుంది.

వరుస బిల్డింగు చుట్టూ తిరిగి ఉంది. ఎండ. తరవాత ఎండ పోయి చినుకు. మా టోపీలు మెత్తబడ్డాయి. మా వంతు దగ్గరపడి, తలుపు కనబడుతోందనగా యూలా మేకి దగ్గు తెర వచ్చింది. దాని దగ్గు నీకు తెలుసు, పేగులు బయటికి వస్తాయేమో అన్నట్టు ఉంటుంది. నా చెయ్యి సంచిలోకి పోయింది. బిళ్ళ దాని చేతిలో పడింది. నేను చేశానని నాకే తెలియదు.

మెళ్ళో కార్డు వేలాడేసుకున్న ఒకాయన అక్కడే తచ్చాడుతున్నాడు. ఓటింగు సరిగ్గా జరుగుతోందా అని చూడటానికి అవతలి పార్టీవాళ్ళు పెట్టిన మనిషి. "ఈవిడ ఆవిడకి తినేది ఇచ్చింది, నేను కళ్ళారా చూశాను" అన్నాడు. యూలా మే ఊరుకుంటుందా? నోరు తెరిచి నాలుక మీది బిళ్ళ చూపించింది. "ఇదిగో నాయనా, అంత నోరూరుతుంటే మిగతాది నువ్వు చప్పరించు" అంది. వెనకవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆ నవ్వే నా కొంప ముంచింది. అతని మొహం కందగడ్డలా అయింది. గబగబా లోపలికి పోయి బూత్ పెద్దని తీసుకొచ్చాడు.

ఆ పెద్ద ఎవరనుకున్నావు? బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే తెల్లమ్మాయి ట్యామీ. నేనంటే గౌరవమే దానికి. "మిస్ ఒజెల్లా, మీరు ఇచ్చారా?" అంది. ఇచ్చానమ్మా, దగ్గుతోంది కదా అన్నాను. "అయ్యో, ఇచ్చానని ఎందుకు చెప్పారండీ" అంది, నాకు మాత్రమే వినపడేట్టు. చర్చి బట్టల్లో నిలబడి అబద్ధం చెప్పమంటావా అన్నాను. ఆ కార్డు మనిషి చేతులు కట్టుకుని చూస్తూనే ఉన్నాడు. ట్యామీ చట్టం కాగితం తిప్పి చూసింది, ఎవరికో ఫోను చేసింది, మళ్ళీ తిప్పి చూసింది. పిప్పరమెంటు సంగతి అందులో ఉన్నట్టు లేదు. అయినా చివరికి, "నన్ను తప్పుగా అనుకోకండి, మీరు వరుసలోంచి బయటికి రావాలి" అంది.

యూలా మే కర్ర ఎత్తింది. "తిన్నది నేను, ఇచ్చింది తను. తిన్నదాన్ని ఉంచి ఇచ్చినదాన్ని తీసేస్తావా? మీ అమ్మ పోయినప్పుడు మీ ఇంటికి గిన్నెలు మోసుకొచ్చింది ఎవరే ట్యామీ? అప్పుడు ఏ చట్టం అడ్డొచ్చింది?" అని నిలదీసింది. ట్యామీ తల దించుకుంది. తల దించుకుంటే నా ఓటు వస్తుందా? నువ్వైనా వెయ్యవే, లూరీన్ కోసం వెయ్యి అని యూలా మేని బతిమాలి, నేను బయటికి వచ్చేశాను. బస్సులో చికెను పక్కన కూర్చున్నాను.

ఒక్కొక్కళ్ళే తిరిగొచ్చారు, రొమ్ము మీద ఓటు వేశామనే స్టిక్కర్లతో. నన్ను చూడగానే మాటలు తగ్గించుకున్నారు. యూలా మే తన స్టిక్కరు పీకి నా గౌనుకి అంటించబోయింది. నాకొద్దు, అది నాది కాదు అన్నాను. పాస్టరు గారు వచ్చి నా ముందు మోకాలి మీద కూర్చుని, "మిమ్మల్ని పంపేశారా మదర్?" అని అడిగారు. నేను తల ఊపాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాటల బృందంలో పాడే ఒక అమ్మాయి అప్పుడే ఫొటో తీసింది. నువ్వు చూసిన ఫొటో అదే.

ఇక అప్పటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఎక్కడెక్కడివాళ్ళో నాకు పోస్టులో పిప్పరమెంట్లు పంపుతున్నారు! సంచులు, డబ్బాలు. పోస్టు మనిషి, "మిఠాయి కొట్టు తెరిచారా మిస్ ఒజెల్లా, నాకు బోణీ బేరం ఇవ్వండి" అంటాడు. నాకేమో షుగరు. వంటింట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు, చీమలు పట్టాయి. ఓటు అడిగితే ఇవ్వని దేశం మిఠాయి అడక్కుండానే ఇస్తోంది. ఆరెగాన్ నుంచి ఒకావిడ "మీ ధైర్యానికి" అని కార్డు రాసి పంపింది. ధైర్యమట. ఆ కార్డు బోర్లా పెట్టేశాను.

లూరీన్ ఓడిపోయింది. ఎంత తేడాతోనో తెలుసా? మన చర్చి బస్సు ఇంకో రెండుసార్లు తిరిగితే పట్టేంతమంది తేడాతో. ఆ పిల్లే నన్ను ఓదార్చడానికి వచ్చింది చూడు. "మీ ఒక్క ఓటుతో గెలిచేదాన్ని కాను మదర్, దిగులు పెట్టుకోకండి. రాలేకపోయినవాళ్ళు ఎంతమందో" అంది. దిగులు పెట్టుకోవద్దంటే పోయేదైతే నాకు ఈ బీపీ మాత్రలెందుకు? కార్లు లేనివాళ్ళు, పనిలోంచి వదలనివాళ్ళు, అంత దూరం వెళ్ళి అంతసేపు నిలబడలేనివాళ్ళు, హాలు ఉంటే చెప్పులు తొడుక్కుని వచ్చి వేసిపోయేవాళ్ళు. ఎవరూ వాళ్ళని వద్దనలేదు. ఊరికే దూరం పెంచారు, అంతే. అదే నాకు మంట. తిట్టడానికి ఒక మనిషి దొరకడు. కౌంటీ ఆఫీసులో అడిగితే రాష్ట్రం అంటారు, రాష్ట్రాన్ని అడిగితే కౌంటీ అంటారు. వెనకటి దొర నయం, ఎదుట నిలబడి గెంటాడు.

పాస్టరు గారు అట్లాంటా నుంచి ఒక లాయరమ్మని పిలిపించారు. కెన్యెట్టా బాయ్‌కిన్ అని, మనమ్మాయే, ముప్ఫై కూడా ఉండవు, నిటారుగా కూర్చుంటుంది. వచ్చే ఎన్నికలకైనా ఓటు మన హాల్లో పెట్టించమని కోర్టులో కేసు వేసింది. ఎల్లుండి మంగళవారం జడ్జి ముందు నేను సాక్ష్యం చెప్పాలి. మన చర్చివాళ్ళంతా నా మీదే ఆశ పెట్టుకున్నారు. లాయరమ్మ మొన్న వచ్చి నాకు నేర్పింది. "మిమ్మల్ని ఓటు వేయకుండా పంపేశారు కదా మదర్?" అని అడుగుతుందట, నేను అవునని చెప్పాలట. అవును అన్నాను. "చాలు, అంతే చెప్పండి, అంతకుమించి ఒక్క మాట వద్దు" అంది. పక్కనే ఉన్న యూలా మే, "దీన్ని మాట్లాడొద్దనే బదులు ఊపిరి తీసుకోవద్దని చెప్పమ్మా, అదే తేలిక" అంది. వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. 

ఇంతలో నువ్వు ఫోను చేసి, నేను చెప్పలేదా అంటావు. ఏం చెప్పావే నువ్వు? వెళ్ళకు, ఊరుకో అని చెప్పావు. ఊరుకోవడం నాకు చేతకాదా? నీ వీధి చివర స్కూల్లోనే ఓటు వేయొచ్చట, వరుస కూడా ఉండదట, నీ కూతురు చెప్పింది. కాళ్ళు నొప్పులనుకున్నా రెండు అంగలు. నీ జన్మలో ఒక్కసారి వేశావా? అమ్మ మనిల్లు పోగొట్టుకుని తెచ్చిన ఓటు అది. నీ ఇంటి ముందు ఊరికే పడి ఉంటే కాలితో తోసేస్తావు, నేనిక్కడ వానలో నిలబడి దేబిరిస్తాను. ఇంత కోపంగా రాశానని ఏడవకు. కోపం నీ మీదో, ఆ కార్డు మనిషి మీదో, ఇంకెవరి మీదో నాకే తెలియడం లేదు. ఈ గురువారం థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి అందరూ నా ఇంటికే వస్తారు. చిలగడదుంపలతో తీపి 'పై' చేయాలి, దుంపలు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

మందులు వేళకి వేసుకో. తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకో.

ఇట్లు,
నీ మీద కోపమూ బెంగా సమానంగా ఉన్న నీ అక్క
ఒజెల్లా టిన్స్‌లీ

తా.క. ఈ కాగితం నీకొక్కదానికే. నీ కూతురు చూస్తే ఫోనులో పెడుతుంది.

నన్ను ఎవరూ పంపేయలేదు వెర్డెల్. వరుసలోంచి తీసిన మాట నిజం. కానీ ట్యామీ నా మోచెయ్యి పట్టుకుని, "వరుస చివర మళ్ళీ నిలబడండి మిస్ ఒజెల్లా, సాయంత్రం ఏడింటిదాకా టైముంది, నేను దగ్గరుండి చూసుకుంటాను" అంది. వాన పడుతోందని వరుస చివరని బిల్డింగు లోపలికి, ఒకప్పుడు జైలు గదులుండే ఆ వెనక నడవాలోకి మార్చారు. అక్కడ ఒక పోలీసు కుర్రాడు నాకోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. "రండి మేడమ్, మెట్టుంది, జాగ్రత్త" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, మనవడి వయసు. అతని నడుముకున్న బేడీలు తలుపుకి తగిలి చప్పుడైంది. అంతే జరిగింది. లోపల నడవా పొడుగ్గా, దీపాలు వెలుగుతూ, మనవాళ్ళు కొందరు అందులో నిలబడే ఉన్నారు. నా కాళ్ళు ఆ గుమ్మం దాటలేదు. కాస్త గాలి పీల్చుకుని వస్తానని చెప్పి బస్సు దగ్గరకి నడిచాను. పాస్టరు గారు అడిగినప్పుడు, పంపేయలేదండీ, భయమేసింది అని ఆ తెల్ల గౌనులో కూర్చుని చెప్పలేకపోయాను. తల ఊపాను. ఆ తల ఊపు కోర్టుదాకా వెళ్ళింది.

రేపు పొద్దున్నే కెన్యెట్టాకి ఫోను చేసి అంతా చెప్పేస్తాను. ఆ పిల్ల నన్ను పక్కన పెట్టేస్తే పెట్టేయనీ, యూలా మే నాతో మాట్లాడకపోతే మానేయనీ. నన్ను పక్కన పెట్టకపోతే జడ్జి ముందు కూడా ఇదే చెబుతాను. తలుపు తెరిచే ఉంది, లోపలికి రమ్మన్నారు కూడా, నేనే వెళ్ళలేదు. ఓటుని తీసుకుపోయి ఆ బిల్డింగులో పెట్టినవాళ్ళకి, నన్ను పంపేయాల్సిన పనే లేకపోయింది.